చిన్న రొయ్య పిల్ల రొయ్య కాదు

నకిరేకల్ చుట్టుపక్కల చెరువుల్లో వల లాగితే చేపలతో పాటు వేలి గణుపంత రొయ్యలు కూడా గుప్పెడు పైకొస్తాయి. నాచులో చిక్కి టపటపా ఎగురుతుంటాయి. "ఇంకా పిల్లలే, పెరగనీ" అని కొందరు నీళ్లలోకి విదిలిస్తారు. ఇంకొందరు గుడ్డ మీద పరిచి ఎండబెట్టి రొయ్యపొట్టు చేసుకుంటారు. చింతచిగురులో అది పడితే ఆ కూర రుచే వేరు. అయితే వదిలినవాళ్లూ వండినవాళ్లూ ఒక్క సంగతి గమనించరు. ఆ చిన్నవాటిలో చాలా భాగం ఏ పెద్ద రొయ్యకూ పిల్లలు కావు, ఎదగాల్సినంత ఎదిగినవే. నాలుగింటిని అరచేతిలో వెల్లకిలా తిప్పి చూడండి. ఒకదాని పొట్ట కింద గుడ్ల గుత్తి కనిపించవచ్చు. రెండున్నర సెంటీమీటర్ల ప్రాణి గుడ్లు మోస్తోందంటే అది తల్లి అయినట్టే.

ఏది తల్లి, ఏది పిల్ల, ఏది అసలు రొయ్యే కాదు అని తేల్చే విద్య ఒకటుంది. రెండు వందల ఏళ్లుగా జంతుశాస్త్రవేత్తలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ దాన్ని నిలబెట్టారు. భూతద్దం, తెల్లని పళ్లెం, పెన్సిలు, ఓపిక ఉంటే ఎవరైనా మొదలుపెట్టవచ్చు. చెరువులే ఆస్తిగా బతికిన నల్లగొండ లాంటి జిల్లాలో ఈ విద్య పరీక్ష పేపర్లలో తప్ప బయట కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సరిగ్గా పట్టడంలోనే సగం పని ఉంది. చిన్న రొయ్యల కోసం నడిచెరువుకు పోనక్కర్లేదు. ఒడ్డున నాచు, తుంగ, గుర్రపుడెక్క వేళ్లు, తూము దగ్గరి రాళ్ల సందులు వాటి నివాసాలు. చేపల వల కన్నుల్లోంచి జారిపోతాయి కాబట్టి దోమతెర గుడ్డ కుట్టిన చేతివల కావాలి. నాచును కింది నుంచి పైకి ఎత్తి, వచ్చిన చెత్తనంతా తెల్లని పళ్లెంలో వేసి, కాసిన్ని చెరువు నీళ్లు పోసి, కదపకుండా ఉంచాలి. కాసేపటికి అంతవరకూ కనిపించని ప్రాణులు ఒక్కొక్కటే మసలడం మొదలుపెడతాయి. వాటి రంగు, చారలు, నడిచే తీరు బతికుండగానే రాసుకోవాలి. ఆల్కహాల్‌లో వేశాక రంగు నిలవదు.

దాచే పద్ధతిలో కూడా కట్టుబాట్లున్నాయి. చీటీని సీసా బయట అంటించడంతో సరిపెట్టకూడదు, లోపల వేయాలి. దాన్ని పెన్సిల్‌తోనే రాయాలి, ఎందుకంటే పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, చెరువు, తేదీ, నాచులో దొరికిందా రాళ్లలో దొరికిందా, ఎవరు పట్టారు అన్నవి ఆ చీటీలో ఉండాలి. ఎంత అరుదైన ప్రాణి అయినా చీటీ లేకపోతే శాస్త్రానికి కొరగాదు. రేపు డీఎన్‌ఏ పరీక్ష చేయించే ఆలోచన ఉంటే 95 శాతం ఆల్కహాల్ మంచిది. ఫార్మలిన్‌లో పెడితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. ఒక ప్రశ్న, దానికి రెండే జవాబులు, ప్రతి జవాబు మరో ప్రశ్నకు దారి. ఇలా మెట్టు మెట్టుగా పేరు దాకా నడిపించే పట్టికను ఫ్రాన్స్‌లో లామార్క్ 1778లో తన దేశపు మొక్కల కోసం వాడి చూపించాడు. జంతుశాస్త్రం కూడా అదే పద్ధతిని సొంతం చేసుకుంది. చెరువు రొయ్యల విషయంలో మొదటి ప్రశ్న చాలా సులువైనది: తలనూ ఛాతీనీ కలిపి కప్పే చిప్ప ఉందా?

లేకపోతే అది రొయ్య కాదు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో కురిసిన వానకు గుంతలు నిండిన కొద్ది రోజుల్లోనే కొన్ని వింత ప్రాణులు పుట్టుకొస్తాయి. వాటిలో ఒకటి వెల్లకిలా ఈదుతుంది. ఒంటి మీద చిప్ప ఉండదు, కళ్లు కాడల మీద ఉంటాయి, ఆకుల్లాంటి కాళ్లు పదకొండు జతలు. దీన్ని ఇంగ్లిషులో ఫెయిరీ ష్రింప్ అంటారు. మన దేశంలో విస్తారంగా దొరికే స్ట్రెప్టోసెఫాలస్ డైకోటోమస్ అనే జాతికి బేర్డ్ 1860లో పేరు పెట్టాడు. అదే గుంతలో ఇంకొకటి ఉండవచ్చు. వీపంతా కప్పే గుండ్రని చిప్ప, వెనక రెండు పొడవాటి తోక పోగులు ఉంటే అది ట్రయాప్స్. చిప్ప ఉంది కదా అని దీన్ని రొయ్య అనుకోకూడదు, దాని కింద డజన్ల కొద్దీ కాళ్లుంటాయి. రెండు పలుచని చిప్పల మధ్య ముడుచుకుని, చూడగానే ఆల్చిప్ప పిల్ల అనిపించేది మూడోది. ఈ తెగకు చెందిన ఒక జాతి పేరులో హిస్లాప్ అనే మిషనరీ పేరుంది. ఆయన నాగపూర్‌లో పనిచేస్తూ రాళ్లనూ ప్రాణులనూ సేకరించాడు. ఈ మూడు రకాలకూ ఒకే బతుకు రహస్యం. గుంత ఎండినా గుడ్లు చావవు. మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉండి మళ్లీ వానకు పొదుగుతాయి. అందుకే వాటిని చేపలుండే నిండు చెరువులో కంటే నాలుగు వారాల్లో ఇంకిపోయే గుంతలో వెతకాలి.

ఇక చెరువు రొయ్యలకు వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ చేతులే సాక్ష్యం చెబుతాయి. రొయ్యకు నడక కాళ్లు ఐదు జతలు. మంచినీటి రొయ్యల్లో మొదటి రెండు జతల చివర్లే పటకార్లుగా ఉంటాయి. మార్కెట్లో అమ్మే వెనామీ, టైగర్ రొయ్యల్లో మూడో జతకు కూడా పటకార్లుంటాయి. పొట్ట రెండో కణుపు పక్క పలకను చూసినా ఈ తేడా తెలుస్తుంది. మంచినీటి రొయ్యలో అది ముందున్న మొదటి పలకనూ వెనకున్న మూడో పలకనూ రెండింటినీ కప్పుతుంది. వెనామీలో మొదటి పలకను కప్పదు. వంటింట్లో రొయ్యలు ఒలిచే ముందు ఒక్క నిమిషం ఆగితే ఈ పరీక్ష అక్కడే చేసుకోవచ్చు.

మన చెరువుల చిన్న రొయ్యలు ముఖ్యంగా రెండు వంశాలవి. ఒకటి కారిడినా. ఈ పేరును ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ మిల్న్ ఎడ్వర్డ్స్ 1837లో పెట్టాడు. ఇవి సాధారణంగా మూడు సెంటీమీటర్లు దాటవు. వీటి మొదటి రెండు జతల పటకార్ల కొసల్లో వెల్ల వేసే కుంచెలా వెంట్రుకల గుత్తి ఉంటుంది. దాంతో ఆకుల మీది పాకుడునూ మురిగిన తుక్కునూ గీకి నోట్లో పెట్టుకుంటాయి. పళ్లెంలో పెట్టి చూస్తే వాటి చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. భూతద్దం లేకపోయినా ఈ తీరిక లేని చేతులను బట్టే కారిడినాను పోల్చుకోవచ్చు. వంశం తేలుతుంది కానీ అందులో ఏ జాతి అన్నది కష్టం. 1833లో నైలు నది రొయ్యకు పెట్టిన పేరును మన దేశంలో ఎన్నో రకాలకు చాలాకాలం వాడేశారు. జాతి దాకా పోవాలంటే మగ రొయ్య మొదటి, రెండో ఈత కాళ్లను విడదీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. అక్కడ నిపుణుడి సాయం తప్పదు.

రెండో వంశం మాక్రోబ్రాకియం. దీని పటకార్లకు కుంచె ఉండదు. మొదటి జత సన్నగా, రెండో జత అంతకంటే పొడవుగా ఉంటాయి. తలచిప్ప పక్కన రెండు చిన్న ముళ్లుంటాయి. ఒకటి మీసం మొదట్లో, రెండోది దాని వెనక, కాలేయం ఉండే చోట. ఈ రెండో ముల్లే ఈ వంశానికి గుర్తు. పాత వ్యాసాల్లో ఇవే జాతులు పాలిమాన్ అనే పేరుతో కనిపిస్తాయి. హాలండ్‌లోని లైడెన్ మ్యూజియం శాస్త్రవేత్త హోల్‌తుయిస్ 1950 నాటి గ్రంథంలో ఈ కుటుంబాన్నంతా తిరిగి సర్దాడు. కాబట్టి పాత పుస్తకంలో వేరే పేరు చూసి వేరే ప్రాణి అనుకోనక్కర్లేదు.

ఈ వంశంలో చెరువులకు బాగా అలవాటు పడినది లామారీ అనే చిన్న రొయ్య. ఇది గాజులా పారదర్శకంగా ఉంటుంది. దీన్ని ముక్కుముల్లుతో గుర్తుపట్టాలి. తల ముందుకు పొడుచుకొచ్చే ఆ సన్నని రంపం కళ్ల మీదుగా కాస్త ఉబ్బి, ముందుకు పోయేకొద్దీ పైకి వంగుతుంది. పైఅంచున కొంత దూరం పళ్లుండి, తర్వాత నున్నటి ఖాళీ వచ్చి, కొస దగ్గర మళ్లీ ఒకటో రెండో చిన్న పళ్లుంటాయి. ఇదే వంశంలోని పెద్ద రకమైన నీలకంఠ రొయ్య పిల్ల కూడా ఇదే పరిమాణంలో దొరుకుతుంది కాబట్టి కంగారు సహజమే. దాని ముక్కుముల్లు పైఅంచున సాధారణంగా 11 నుంచి 14 పళ్లుంటాయి, తలచిప్ప పక్కల్లో పొడవాటి ముదురు చారలు కనిపిస్తాయి. అదే పెరిగితే మగది 30 సెంటీమీటర్లు కూడా దాటగలదు.

మోసపోయే చోట్లు కూడా ఉన్నాయి. రంగును నమ్మకూడదు. రొయ్య చిప్పలోని ఎర్రని రంగుపదార్థం మాంసకృత్తుతో కలిసి ఉన్నంతసేపూ బయటికి కనిపించదు. వేడికి ఆ బంధం విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. పొయ్యి మీద రొయ్యలన్నీ ఒకే రంగుకు రావడానికి కారణం అదే. బతికున్నప్పుడు కూడా నీటి అడుగును బట్టి, వెలుగును బట్టి రంగు మారుతుంది. మొత్తం పొడవునూ నమ్మకూడదు, ముక్కుముల్లు విరిగితే లెక్క తప్పుతుంది. అందుకే కంటి గుంట వెనక నుంచి తలచిప్ప చివరి దాకా కొలుస్తారు. ఒక్క రొయ్యను చూసి తీర్పు చెప్పకూడదు. విరిగి మళ్లీ మొలిచిన ముల్లు వంకరగా ఉండవచ్చు, పళ్ల సంఖ్య మారవచ్చు. ఒకే చోట పట్టిన పదీ పదిహేనింటిని లెక్కపెట్టి, ఎంత నుంచి ఎంత దాకా ఉన్నాయో రాస్తారు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లకు గుడ్లే జవాబు. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. తర్వాత జలాశయాల్లో నీలకంఠ రొయ్య పిల్లలను కూడా వదలడం మొదలైంది. నీలకంఠ రొయ్య చెరువులో బాగా పెరుగుతుంది, మంచి ధర పలుకుతుంది, గుడ్లు కూడా పెడుతుంది. కానీ ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు ఉప్పు కలిసిన నీళ్లు లేకుండా బతకవు. మలేసియాలో షావో వెన్ లింగ్ 1961లో ఈ సంగతి కనిపెట్టాకే ప్రపంచంలో దాని హేచరీలు సాధ్యమయ్యాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, చెలక నేలల మధ్య ఉన్న చెరువులో దాని సంతతి నిలవదు. ఏటా పిల్లలను కొని వదలాల్సిందే. లామారీకి ఆ అవసరం లేదు. దాని బతుకంతా మంచినీటిలోనే, ఎవరూ వదలకుండానే చెరువులో తరతరాలుగా పుడుతుంది. ఒకటి పెట్టుబడి, ఇంకొకటి ఊరి ఉమ్మడి ఆస్తి. మత్స్య సహకార సంఘాల్లోని ముదిరాజులకూ గంగపుత్రులకూ ఈ రెండింటి లెక్క వేరువేరుగా కావాలి. గుర్తుపట్టలేకపోతే ఆ లెక్క ఎలా వస్తుంది?

ప్రాణిని గుర్తుపట్టడం ప్రాణాలు కాపాడిన సందర్భం కూడా మనకు ఉంది. నారికురుపు పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాని పురుగు దిగుడు బావుల నీళ్లలోని సైక్లాప్స్ ద్వారా మనిషి ఒంట్లోకి చేరేది. సైక్లాప్స్ కూడా రొయ్యల పెద్ద కుటుంబంలోదే. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఒంటి కన్ను ప్రాణి, ఆడదానికి వెనక రెండు గుడ్ల సంచులు వేలాడుతుంటాయి. అది ఎంత పరిమాణంలో ఉంటుందో తెలిసింది కాబట్టే నీళ్లను దట్టమైన గుడ్డతో వడగడితే చాలని ఊరూరా చెప్పగలిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు పీడించిన రాష్ట్రాల్లో ఒకటి. దేశంలో చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

నేటి ప్రమాదం వేరు. పత్తి చేలల్లో, వరి మళ్లలో కొట్టే పురుగు మందుల్లో పైరెత్రాయిడ్ రకాలు రొయ్య జాతులకు ప్రాణాంతకం. చేపకు ఏమీ కానంత కొద్ది మోతాదుకే రొయ్యలు చచ్చిపోవచ్చు. చేపలు బాగున్నాయి కాబట్టి చెరువు బాగుందని అనుకోవడం అందుకే పొరపాటు. నకిరేకల్‌కు తూర్పున ఉన్న మూసీ ప్రాజెక్టులోకి హైదరాబాద్ వాడి వదిలిన నీళ్లు చేరుతున్నాయి. ఆ నీళ్లు పారే చోట ఏ రొయ్య ఉంది, పారని చెరువులో ఏది ఉంది అని పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉంటే మార్పు మొదట్లోనే కంటపడుతుంది.

ఇలా చూసి రాసిపెట్టే పని మన దేశానికి కొత్త కాదు. కలకత్తాలో 1916లో నెల్సన్ అన్నాండేల్ సారథ్యంలో భారత జంతుశాస్త్ర సర్వే మొదలైంది. అక్కడి స్టాన్లీ కెంప్ ఇండియన్ మ్యూజియం సీసాల్లోని రొయ్యలను వరుసపెట్టి పరిశీలించి రాసిన వ్యాసాలను ఈనాటికీ పరిశోధకులు తెరిచి చూస్తారు. నూరేళ్ల కిందటి ఆ పని ఇప్పటికీ పనికొస్తోందంటే అందులో సగం ఘనత చీటీలు సరిగ్గా రాసినవాళ్లదే.

ఆ సర్వే సంస్థకే హైదరాబాద్ అత్తాపూర్‌లో మంచినీటి జీవుల కేంద్రం ఉంది. నకిరేకల్, నల్లగొండ, సూర్యాపేట కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ఏడూ ఒక చెరువును ఎంచుకుని, మత్తడి దూకిన తర్వాత ఒకసారి, ఎండాకాలం నీళ్లు తగ్గాక ఇంకోసారి విద్యార్థులతో దోమతెర వల వేయించండి. కుంచె చేతులవి ఎన్ని, ముల్లు వంగినవి ఎన్ని, గుడ్లతో ఉన్నవి ఎన్ని అని రాయించండి. పేరు తేలనివాటిని పెన్సిల్ చీటీతో సీసాలో పెట్టి అత్తాపూర్ చేర్చండి.