ఊపిరిదారిని రెండుసార్లు కట్టారు

బాన్సువాడలో వరికోతలు మొదలయితే ఇంటికొకరికి సర్ది. పగలు కోతమిషన్ లేపే దుమ్ము, సాయంత్రం ఆరబోసిన వడ్ల నూగు. మెడికల్ షాపుకు పోయి "ముక్కు పట్టేసిందన్నా" అంటే చిన్న సీసా చేతిలో పెడతాడు. చెరో రెండు చుక్కలు వేసుకుంటే కాసేపటికి ఊపిరాడుతుంది. దారి ఎంత తెరుచుకుంది, ఎక్కడ తెరుచుకుంది అన్నది మాత్రం మనకు కనిపించదు. దాన్ని చూడటానికే ఇప్పుడు కంప్యూటర్‌లో ముక్కు కట్టి గాలి పారిస్తున్నారు.

నిజాంసాగర్ కాలువ కింద పెరిగినవాళ్లకు ఇందులో అసలు సంగతి కొత్తేమీ కాదు. తూము ఇరుకైనచోట నీళ్లు ఉరుకుతాయి, ఆ ఉరుకుకు తగ్గట్టు అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ముక్కులోనూ అంతే. లోపలి గోడల మీద టర్బినేట్లనే మడతలుంటాయి. వాటి నిండా రక్తనాళాలే. అవి ఉబ్బితే దిబ్బడ. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఆ నాళాలను బిగిస్తాయి, మడతలు కుంచించుకుపోతాయి. ఆ మడతల నడుమ ఉండేది కొన్ని మిల్లీమీటర్ల సందు. నెమ్మదిగా పారే గాలికి సందు సగమైతే, అంతే గాలిని నెట్టడానికి ఎనిమిదింతల ఒత్తిడి కావాలి. అందుకే వెంట్రుకవాసి వాపు కూడా మనిషిని నోటితో గాలి పీల్చేలా చేస్తుంది.

పనితనమంతా ఆ వెంట్రుకవాసిని పట్టుకోవడంలోనే ఉంది. సీటీ స్కాన్‌లో గాలి నల్లగా, కండ బూడిదరంగులో కనిపిస్తాయి. ఏ గీత దగ్గర గాలి అయిపోయి కండ మొదలవుతుందో ముందు తేల్చుకోవాలి. గీత కాస్త జరిగితే సందు మారుతుంది, సందు మారితే లెక్కంతా మారుతుంది. తర్వాత ఆ ఖాళీని సన్నసన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో గాలి వేగం, ఒత్తిడి లెక్కగడతారు. మందు పనితనం చూడాలంటే ఒకే మనిషికి చుక్కలకు ముందొకటి, తర్వాతొకటి స్కాన్ తీసి, రెండింటిలోనూ ఒకే కొలత గాలి పారించి ఒత్తిడి తేడా చూడాలి. ఇక్కడో మెలిక ఉంది. మన రెండు ముక్కురంధ్రాలూ కొన్ని గంటలకోసారి వంతులవారీగా ఉబ్బి, తగ్గుతుంటాయి. ఒక్క రంధ్రాన్నే చూసి మురిసిపోతే ఆ వంతు మార్పును మందు ఖాతాలో రాసేసే ప్రమాదముంది.

ఇంకో మెలిక మన మనసుది. మెంథాల్ వాసన చూస్తే ముక్కు తెరుచుకున్నట్టే ఉంటుంది, కానీ గాలికి అడ్డు ఇసుమంతైనా తగ్గదు. చల్లదనమే మనల్ని నమ్మిస్తుంది. లోపలి పొర ఎక్కడ ఎంత చల్లబడుతుందో ఇలాంటి పద్ధతితోనే లెక్కగట్టి, ఊపిరాడుతోందన్న భావనకు మూలం ఆ చల్లదనంలో ఉందని అమెరికాలో కాయ్ జావ్ బృందం 2014లో చూపించింది. మింగే మాత్రల కథ వేరు. ఫినైలెఫ్రిన్ అనే మందు నోటి ద్వారా మామూలు మోతాదులో దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 16–0 ఓట్లతో చెప్పింది.

అయితే కంప్యూటర్ చెప్పిందే నిజమని నమ్మేదెలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ఒక పరిశోధనంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 2009లో జర్నల్ ఆఫ్ బయోమెకానిక్స్‌లో వచ్చింది. రచయితల్లో మొదటి పేరు గౌతమ్ మైలవరపు. ఇంటిపేరు చూడగానే మనవాడనిపించింది, దాచుకోను. వీళ్లు చూసింది మందును కాదు. గురి కూడా ముక్కు మీద కాదు, దాని వెనక అంగిలి నుంచి దిగే దారిలో అడ్డం పడగల చోట్ల మీద. పని తీరు మాత్రం చుక్కల మందుకైనా ఆపరేషన్‌కైనా ఒక్కటే.

ఎంఆర్‌ఐ స్కాన్ల నుంచి ఆ దారిని కంప్యూటర్‌లో కట్టారు. అక్కడితో ఆగలేదు. స్టీరియో లిథోగ్రఫీతో, అంటే ద్రవాన్ని వెలుగుతో పొరలుపొరలుగా గట్టిపరిచి, అదే దారిని చేతికందే వస్తువుగా కూడా చేశారు. రెండింటిలోనూ నిమిషానికి 200 లీటర్ల చొప్పున బయటికి ఊదే గాలి పారించారు. నిదానంగా కూర్చున్నప్పటి ఊపిరికి ఇది ఎన్నో రెట్లు. వస్తువు గోడల మీద అక్కడక్కడా ఒత్తిడి కొలిచి, కంప్యూటర్ లెక్కల పక్కన పెట్టి చూశారు. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా పడిపోయింది మెత్తని అంగిలి కొస దగ్గర. దారి అన్నిటికన్నా ఇరుకైనదీ అక్కడే.

లెక్క కట్టే పద్ధతులు ఒకటి కాదు, ఐదు వాడారు. వాటిలో లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్ బాగా ఖరీదైనది, సుడులను క్షణక్షణం వెంటాడుతుంది. గోడల మీద కొలిచిన ఒత్తిడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది మాత్రం అంతకన్నా చవకైన, కె-ఒమేగా అనే పాత పద్ధతి. దానికీ సగటున 20 శాతం తేడా వచ్చింది. ఆ అంకెను ఎక్కడో లోపలి పట్టికలో దాచకుండా సారాంశంలోనే అచ్చేశారు.