ఫ్రీమేసన్ల భూస్థాపన క్రమము: ఒక వేదాంత పరిశీలన

థామస్ స్మిత్ వెబ్ 1797లో, విలియం ప్రెస్టన్ గ్రంథము ఆధారముగా, అమెరికా ఫ్రీమేసన్లకు ఒక క్రమగ్రంథము కూర్చెను. వారి భూస్థాపనలో సభ్యుని తెల్లని గొఱ్ఱెపిల్ల చర్మపు ఏప్రాన్‌ను మృతునితో సమాధిచేయుదురు. సహోదరులు పచ్చని కొమ్మలను సమాధిలో వేయుదురు. ఏప్రాన్ నిర్దోష జీవితమునకు, కొమ్మ ఆత్మ అమరత్వమునకు గుర్తులు.

వారి సహోదరప్రేమను మేము తక్కువచేయము. అయితే నిరీక్షణకు ఆధారమేది? ఈ గుర్తులో గొఱ్ఱెపిల్ల చర్మమున్నది గాని వధింపబడిన గొఱ్ఱెపిల్ల లేడు. ప్రకటన 7:14లోని వస్త్రములు తెల్లనైనది ధరించినవారి నడతచేత కాదు, ఆయన రక్తముచేతనే. కొమ్మ ఆత్మను గూర్చి చెప్పి ఊరకుండును. 1 కొరింథీ 15 శరీర పునరుత్థానమును ప్రకటించును.

కావున కాపరి అట్టి కుటుంబమును విడువక ఆదరించవలెను. సమాధియొద్ద మాత్రము మృతుని యోగ్యతను గాక, లేచిన క్రీస్తునే ప్రకటింపవలెను.