బేస్ కింది రాయి

బహదూర్‌పల్లి, గాగిల్లాపూర్, గౌడవెల్లి చుట్టుపక్కల నుంచి సర్వేయరుగా నా దగ్గరికి వచ్చే హద్దు తగాదాల్లో ఒక రకం ఈమధ్య పదే పదే కనబడుతోంది. పక్కపక్కనే రెండు లేఅవుట్లు. రెండింటినీ మంచి జీపీఎస్ రిసీవర్లతోనే కొలిచారు. దేనికది చూస్తే వంక పెట్టడానికి లేదు. నలభై అడుగుల రోడ్డు నలభై అడుగులే ఉంది, రెండొందల గజాల ప్లాటు రెండొందల గజాలే ఉంది. ఇద్దరి డ్రాయింగులూ ఒకే తెర మీద పెట్టామా, ఒకరి చివరి వరస ప్లాట్లు పక్కవాళ్ల ప్రహరీలోకి రెండు మీటర్లు చొచ్చుకుపోయి ఉంటాయి. కచ్చితత్వం ఒక సెంటీమీటరని రెండు షీట్ల మీదా రాసి ఉంటుంది. కొలిచినవాళ్లలో ఎవరూ అబద్ధం రాయలేదు. ఆ చివరి వరసలో ప్లాటు కొన్నవాళ్లు మాత్రం బ్యాంకు అప్పు కడుతూ, గోడ కట్టుకోలేక, కోర్టు వాయిదాలకు తిరుగుతుంటారు.

చిక్కంతా బేస్ దగ్గర, అంటే ఒకచోట కదలకుండా నిలిపే రిసీవరు దగ్గర ఉంది. రోవర్ అనే కదిలే రిసీవరు పట్టుకుని తిరిగే మనిషికి తెర మీద కనిపించే సెంటీమీటరు, బేస్ రిసీవరు నుంచి రోవరు దాకా ఉన్న కొలతది. అసలు బేస్ ఎక్కడుందో మనం చెప్పాలి. పని త్వరగా తెమలాలని బటన్ నొక్కి ‘ఇక్కడే’ అనిపిస్తే, ఆ రిసీవరు ఒంటరిగా లెక్కగట్టుకున్న చోటునే నిజమని నమ్ముతుంది. ఆ లెక్కలో రెండు మూడు మీటర్ల తేడా మామూలే. అప్పుడు పరిచిన చాపను ముడత పడకుండా పక్కకు లాగినట్టు లేఅవుట్ మొత్తం జరిగిపోతుంది. లోపలి కొలతలన్నీ సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్క లేఅవుట్ ఇంకో దిక్కుకు జరిగి ఉంటుంది. గోడలు లేచేదాకా ఇద్దరికీ తెలియదు.

అందుకే స్టాటిక్ సర్వే అంటే నాకు అంత గౌరవం. కదలకుండా కూర్చుని చేసే కొలత అది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి పంపే ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు, ఎల్2 తరంగానిది 24 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ తరంగంలో ఏ భాగం తన యాంటెన్నాను తాకుతోందో రిసీవరు మిల్లీమీటర్లలో పట్టుకోగలదు. ఉపగ్రహానికీ తనకూ మధ్య పూర్తి తరంగాలు ఎన్ని పట్టాయో మాత్రం దానికి తెలియదు. ఆ సంఖ్య తేలాలి, పూర్ణాంకంగా తేలాలి. రెండు రిసీవర్లను రెండు రాళ్ల మీద పెట్టి ఒకే సమయంలో అవే ఉపగ్రహాలను విననిస్తే, ఉపగ్రహ గడియారాల తేడాలూ గాలి పొరల్లో జరిగే జాప్యాలూ రెండింటికీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కనుక, తీసివేతలో చాలావరకు పోతాయి. ఉపగ్రహాలు ఆకాశంలో జరిగేకొద్దీ తప్పుడు సంఖ్యలు ఒక్కొక్కటే రాలిపోయి, అసలైనవి మిగులుతాయి. ఈ రాలిపోవడానికి సమయం పడుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల రిసీవరుకు ఇరవై నిమిషాలు, దానిపైన రిసీవర్ల మధ్య దూరంలో కిలోమీటరుకు రెండు నిమిషాల చొప్పున వేసుకోవడం మావాళ్ల వాడుక. నేను దాన్ని రెట్టింపు చేస్తాను.

మేడ్చల్ వైపు పరుపుబండలకు కొదవ లేదు. ఊరి పొలిమేరలో, చెట్లకూ హైటెన్షన్ తీగలకూ దూరంగా, నలువైపులా ఆకాశం తేటగా కనిపించే బండ ఒకటి వెతుక్కుంటాం. దాని మీద ఉలితో ప్లస్ గుర్తు చెక్కుతాం. నున్నటి రాతి మీద ట్రైపాడ్ కాళ్లు జారతాయి కాబట్టి ఒక్కో కాలి చుట్టూ చిన్న రాళ్లు పేర్చి ఆనిస్తాం. ట్రైబ్రాక్ బుడగ నడిమికి తెచ్చి, కింది అద్దంలోంచి చూస్తూ ప్లస్ గుర్తును సరిగ్గా కేంద్రానికి తేవాలి. కేంద్రం కుదిరేసరికి బుడగ జరుగుతుంది, బుడగ సరిచేసేసరికి కేంద్రం జరుగుతుంది. రెండూ ఒద్దికకు వచ్చేదాకా చేతులు ఆగవు. తర్వాత యాంటెన్నా ఎత్తు. మూడు పక్కల నుంచి కొలిచి సగటు తీస్తాం. ఒకసారి మీటర్లలో, ఒకసారి అడుగుల్లో చదువుతాం. రెండూ కుదరకపోతే చదవడంలో పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది. రాయి పేరు, రిసీవరు నంబరు, ఎత్తు, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం కాగితం మీద పెన్నుతో రాస్తాం. రిసీవరు లోపల అన్నీ ఉంటాయి కదా అని కుర్రాళ్లు అంటుంటారు. ఎత్తును దానికి చెప్పేది మనమే కదా అంటాను.

ఇక కూర్చోవడమే. మేకలు తోలుకుపోయే పెద్దాయన ఒకరు ఆగి, “ఏం సారూ, డబ్బ పెట్టి గిట్ల కూసున్నరు, కొలుస్త లేరా?” అని అడిగారు. “అది కొలుస్తున్నది తాతా, నేను కావలి కూసున్న” అన్నాను. ఆయన కూడా పక్కన కూర్చుని ఆ బండ దగ్గర ఒకప్పుడు మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేవని, హద్దురాయి ఎక్కడ ఉండేదని చూపించారు. మట్టి తవ్వి చూస్తే రాయి ఉంది. రిసీవరు దాన్ని నాకు చూపించగలిగేది కాదు.

ఈ ఓపిక మన నేలకు పాతదే. బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో గొలుసుతో బేస్‌లైన్ కొలిపించాడు. ఆయనకు సహాయకుడిగా 1818లో నియమితుడైన జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌కే వచ్చి చేరాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తుండగా జ్వరాలతో ఆయన బృందం మొత్తం కూలబడిపోయింది. ఆ గొలుసు మోసినవాళ్ల పేర్లు, ఆ జ్వరాల్లో పోయినవాళ్ల పేర్లు ఏ పర్వతానికీ పెట్టలేదు. కొండ మీద దీపం కోసం రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్న వాళ్లను తలుచుకుంటే, బండ మీద రెండు గంటలు కూర్చోవడానికి విసుక్కోవడం నాకు తప్పనిపిస్తుంది.

మనకు ఇంకో అదృష్టం ఉంది. ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలోని శాశ్వత జీపీఎస్ స్టేషన్ ‘హైడ్’ పేరుతో ప్రపంచ నెట్‌వర్క్‌లో ఉంది. మేడ్చల్‌కు సుమారు పాతిక కిలోమీటర్లు. మన బండను దానితో ముడివేస్తే ఆ బండ భూగోళం లెక్కలోకి వచ్చేస్తుంది. ఇక్కడ తేదీ రాయడం మరవకూడదు. మన దక్కన్ రాతినేల మొత్తం ఈశాన్యానికి ఏడాదికి ఐదు సెంటీమీటర్లకు పైగా జరుగుతోంది. 2005లో తీసిన అంకెలకూ 2025లో తీసిన అంకెలకూ మీటరు తేడా రావచ్చు. రెండు రాళ్ల మధ్య దూరం మారదు, రెండూ కలిసే జరుగుతున్నాయి కనుక. ఒక రాయికి పాత తేదీ అంకె, పక్క రాయికి కొత్త తేదీ అంకె వాడితే మాత్రం లేని గొడవ పుడుతుంది.

రోవర్‌తో కదులుతూ కొలిచే కైనమాటిక్ పద్ధతిని నేను చిన్నచూపు చూడను. అమెరికాలో బెంజమిన్ రెమండి 1985లో, కదిలే రిసీవరుతోనూ క్షణాల్లో సెంటీమీటరు దాకా కొలవవచ్చని చూపించాడు. ఆ తర్వాతే మా పని వేగం మారింది. దుండిగల్, హకీంపేట వైమానిక స్థావరాల చుట్టూ డ్రోన్ ఎగరేయాలంటే అనుమతులు కావాలి. కాబట్టి ఇటువైపు రోవర్ పట్టుకుని నడిచే మనుషులకు పని ఇంకా చాలా ఉంది. గట్లు, నక్షా బాటలు, నాలాలు, చెరువు అంచులు నడుస్తూ ఎత్తుకొస్తాం. ఈ నడకలో చెయ్యి నిలకడ చూసుకోవాలి. రెండు మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వాలితే మూడున్నర సెంటీమీటర్లు పోతుంది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో అయితే నాకు పూర్ణాంకం తేలిందని చెప్పే తెర మీది ‘ఫిక్స్’ అన్న మాట మీద నమ్మకం సగమే. రేకుల షెడ్లకు తగిలి తిరిగొచ్చిన సంకేతాలు రిసీవరును మోసం చేస్తాయి. పూర్ణాంకం ఒకటి అటూ ఇటూ అయినా ఫిక్స్ వచ్చిందనే చూపిస్తుంది, పాయింటు జానెడు పక్కన ఉంటుంది. అందుకే ముఖ్యమైన మూలల్లో ఫిక్స్ తెంపేసి, మళ్లీ మొదటి నుంచి పట్టించి, రెండో అంకె తీసుకుంటాను. వీలైతే గంటో రెండు గంటలో ఆగి, ఉపగ్రహాల అమరిక మారాక ఇంకోసారి. పొద్దున్నా, సాయంత్రమూ తెలిసిన రాయి మీద రోవర్ పెట్టి చూడటం తప్పనిసరి. భూమధ్యరేఖకు చేరువలో ఉన్న మన ఆకాశంలో మధ్యాహ్నం పూట అయనోఆవరణం చిక్కబడుతుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న సంవత్సరాల్లో మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో పొద్దుగూకాక సంకేతాలు తడబడతాయి. నమ్మకమైన పని పొద్దుటి పూటే.

చెరువుల దగ్గర ఎత్తు మీద నాకు ఎక్కువ బెంగ. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్‌సాగర్ నిండి, దిగువన ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన సంగతి కుత్బుల్లాపూర్‌లో ఎవరూ మరిచిపోలేదు. చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండుమట్టం గీత, గీయడమంటే ఒకే ఎత్తులో ఉన్న పాయింట్లను కలుపుకుంటూ పోవడం. జీపీఎస్ చెప్పే ఎత్తు ఎలిప్సాయిడ్ అనే లెక్కల గోళం మీది నుంచి. మన దగ్గర సముద్రమట్టం ఆ గోళానికి దాదాపు 75 మీటర్లు దిగువన ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తగ్గి ఏర్పడిన పెద్ద లోతు ప్రభావం ఇది. ఈ తేడాను మోడల్ నుంచి తీసుకుని వదిలేస్తే చాలదు, దగ్గర్లోని బెంచ్‌మార్క్ నుంచో అలుగు రాతి నుంచో లెవెల్ తెచ్చి సరిచూడాలి. వందకు ఒకటి వాలు ఉన్న శిఖం నేలలో ఎత్తు ముప్పై సెంటీమీటర్లు తప్పితే గీత ముప్పై మీటర్లు జరుగుతుంది. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు వదలాల్సిన బఫర్ జోన్ కూడా ముప్పై మీటర్లే. ఒకరి ఇల్లు నిలవడం, కూలడం ఆ గీత మీద ఆధారపడి ఉంటుంది. ఆ గీత గీసేవాడికి నిద్ర పట్టకూడదు.

గజాల సంగతీ చెప్పాలి. జీపీఎస్ అంకెలను మనం యూటీఎం 44వ జోన్ చదునుపటం మీదికి మారుస్తాం. మేడ్చల్ ఆ జోన్ పడమటి అంచుకు దగ్గర. అందువల్ల, నేల ఎత్తు కూడా కలుపుకుంటే, పటం మీది దూరం నేల మీద టేపు పట్టిన దూరం కన్నా కిలోమీటరుకు దాదాపు 40 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. విస్తీర్ణంలో ఎకరానికి నాలుగు గజాల దాకా పెరిగినట్టు కనబడుతుంది. యాభై ఎకరాల వెంచరుకు లెక్కేయండి. ఆ దిద్దుబాటు చేయకుండా పటం మీది విస్తీర్ణాన్ని గజాల్లోకి మార్చి అమ్మితే, నేల మీద లేని భూమికి ఎవరో డబ్బు కడుతున్నారు.

వీటన్నిటికీ అవతల పాత సర్వే కొలతల కాగితం, టిప్పన్ ఉంది. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో బొంబాయి పద్ధతిలో మొదలైన సర్వేలో 33 అడుగుల గొలుసు, దానికి పదహారు అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 121 గజాలు. అణా అంటే రెండడుగుల పైచిలుకు. అంటే ఆ కాగితం పలికే అతి చిన్న కొలత రెండడుగులు. రోవర్ సెంటీమీటరు చెబుతోంది కదా అని టిప్పన్ అంకెను నేల మీద అచ్చంగా దింపి, వందేళ్లుగా ఉన్న గట్టును తవ్వించడం అన్యాయం. ముందు మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటి ట్రైజంక్షన్ రాళ్లు వెతకాలి, గట్లు చూడాలి, పెద్దవాళ్లను అడగాలి, మోకా మీద కబ్జా ఎవరిదో తెలుసుకోవాలి. ఆ తర్వాతే రోవర్ ఆన్ చేయాలి.

మేడ్చల్ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితానికి సర్వే నక్షా జతచేసే ఏర్పాటు కొత్త చట్టంలో ఉంది. లైసెన్సు సర్వేయర్లుగా శిక్షణ పొందిన యువకులు ఊళ్లలోకి వస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే శాశ్వత బేస్ స్టేషన్లతో, రోవర్లతో నడిచింది. మన దగ్గరా ఆ రోజులే వస్తున్నాయి. కొత్తగా వచ్చే ఈ పిల్లలందరూ తలో బండ మీద ‘ఇక్కడే’ అని నొక్కుతూ పోతే, ఆ నక్షాలన్నీ రిజిస్ట్రేషన్ కాగితాలకు అంటుకుని ఉండిపోతాయి.

నేను కోరేది చిన్న పని. కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేటల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ రెండు రాళ్లు నాటాలి. ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనబడాలి, టోటల్ స్టేషన్ ఉన్నవాళ్లకూ పనికొచ్చేలా. వాటి మీద స్టాటిక్ కొలత తీసి, అంకెలు, డేటమ్, తేదీ, బెంచ్‌మార్క్ నుంచి తెచ్చిన ఎత్తు ఊరి కార్యాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి. ఆ ఊళ్లో ఎవరు ఏ నక్షా గీసినా బేస్ ఆ రాయి మీదే పెట్టాలి, ఆ మాట నక్షా అడుగున రాయాలి. రాళ్లు నాటి సిమెంటు ఆరాక, కొలతకు ఊరికి ఒక పూట చాలు.