పరుగెత్తకుండానే గెలిచినవాడు

1969 జూన్, ఫ్రాన్స్‌లోని లె మాన్స్. 24 గంటల కార్ల రేసు మొదలవుతోంది. అప్పటి ఆనవాయితీ ప్రకారం జెండా ఊపగానే డ్రైవర్లు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, కార్లలోకి దూకి బయల్దేరాలి. బెల్టు పెట్టుకునే తీరిక ఎవరికుంటుంది? బెల్జియంకు చెందిన 24 ఏళ్ల జాకీ ఇక్స్ మాత్రం తాపీగా నడిచి వెళ్లాడు. బెల్టు బిగించుకుని అందరికంటే చివర కదిలాడు. తొలి ల్యాప్‌లోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు ప్రమాదంలో మరణించాడు. మర్నాడు ఇక్స్, జాకీ ఆలివర్‌ల ఫోర్డ్ జీటీ40 సుమారు 120 మీటర్ల తేడాతో గెలిచింది. ఆ పరుగు పద్ధతిని మరుసటి ఏడాదే మాన్పించారు.

డ్రైవర్లు వంతులవారీగా నడిపే ఇలాంటి రేసులో వేగం ఒక్కటే చాలదు. చీకట్లో, వానలో నెమ్మది కార్లను తగలకుండా దాటాలి. బ్రేకులు, గేర్‌బాక్సు అరిగిపోకుండా కాపాడి బండిని తర్వాతివాడికి అప్పగించాలి.

1977 లె మాన్స్‌లో ఇక్స్ కారు చెడిపోయింది. దాంతో అతడు, బాగా వెనకబడిన సహచరుల పోర్షె 936 ఎక్కి, రాత్రంతా తరిమి దాన్ని ముందుకు తెచ్చాడు. చివర్లో ఇంజిన్ దెబ్బతింటే, ఆ సహచరుల్లో ఒకడైన యుర్గెన్ బార్త్ మిగిలిన ఐదు సిలిండర్లతోనే మెల్లగా నడిపి గెలిపించాడు. ఇక్స్ ఆరు లె మాన్స్ విజయాల్లో అదొకటి. ఆ ఆరింటిలోనూ స్టీరింగ్‌ను ఇతరులతో పంచుకున్నాడు.