చిటికెన వేలి ఫిర్యాదు

ధవళేశ్వరం బ్యారేజీ దాటి విజ్జేశ్వరం చేరేసరికి నా ఎడమచేతి చిటికెన వేలు నాది కాకుండా పోయేది. దాని పక్కనున్న ఉంగరపు వేలూ అంతే. మొదట నెపం వయసు మీదికి నెట్టాను, తర్వాత గ్లౌజుల మీదికి. రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి, బ్యారేజీ మీదుగా కొవ్వూరు పోయి, 1974 నాటి రోడ్డు కం రైలు బ్రిడ్జి మీదుగా ఇల్లు చేరడం నా ఆదివారపు వ్రతం. గేరు సైకిలు కొన్నదే అందుకు.

తప్పు స్టెమ్‌ది. ఫోర్కు గొట్టాన్నీ హ్యాండిల్ బారునీ కలిపే అల్యూమినియం ముక్క అది, జానెడు కూడా ఉండదు. గొట్టం నడిమధ్య నుంచి బారు నడిమధ్యకి కొలిస్తే నాది 110 మిల్లీమీటర్లు. బారు అంత దూరాన ఉంటే నాబోటి పొట్టివాడు దాని మీద వాలక తప్పదు. బరువు అరచేతి మీద పడి, చిటికెన వేలికి పోయే నరం నలుగుతుంది. రేసు వాళ్లలా వంగి తొక్కుదామని ముచ్చటపడింది మాత్రం నేనే.

మా నాన్న నల్ల సైకిలుకి ఈ బెడద లేదు. హ్యాండిలు వెనక్కి వంగి గుప్పిళ్ల దగ్గరికే వచ్చేది. వెన్ను నిటారుగా, బరువంతా సీటు మీద. దూరం మార్చే వీల్లేదు గానీ ఎత్తు మార్చుకోవచ్చు. పైబోల్టు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తలమీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటిస్తే లోపలి పట్టు వదిలేది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, హ్యాండిలు తిన్నగా ఉందో లేదో ఒంటికన్నుతో చూసి, పానాతో బిగించేవాడు. మరీ పైకి లాగితే ఎక్కడో ఒకచోట చేతికే ఊడొస్తుందని మాకు హెచ్చరిక. రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు వేలాడేసుకుని వచ్చేవాళ్లకీ అదే హ్యాండిలు. నిటారుగా కూర్చున్నవాడికి రెండంగుళాల తేడా ఉన్నా మోచెయ్యి సర్దుకుంటుంది. వంగినవాడికి సెంటీమీటరూ లెక్కే.

పైగా మనది బల్లపరుపు నేల. కొండదారుల్లో తొక్కేవాళ్లు ఎక్కుడులో సీటు మీంచి లేస్తారు, దిగుడులో కాళ్లాపి ఒళ్లు విరుచుకుంటారు. మనకి కాలువ గట్టో వంతెనో ఎక్కడం తప్ప లేచే పనే పడదు. గంటన్నరసేపు ఒకటే కూర్చోవడం. కొలతలో తప్పుంటే కొండల్లో కంటే డెల్టాలోనే తొందరగా బయటపడుతుందని నా నమ్మకం.

చిన్న స్టెమ్ ఇమ్మని అడిగితే షాపు కుర్రాడు ఆపాడు. "ఆయ్, ముందు సీటు సంగతి చూడాలండి. అది తేలకుండా ఇది మారిస్తే లాభం లేదండి." నిజమే. బారు అందడం కోసం సీటుని నేను ముందుకు జరిపేసి ఉన్నాను. సీటు ఉండాల్సింది కాళ్ల లెక్కన. వెనక్కి జరిపితే చేతుల మీద బరువు కొంత తగ్గింది, బారు మాత్రం ఇంకా దూరమైంది. తర్వాత ఖర్చులేని పని చేశాడు: స్టెమ్ విప్పి తిరగేశాడు. 6 డిగ్రీలు కిందికి చూసేది పైకి చూసింది, బారు రెండు సెంటీమీటర్ల పైన లేచింది. అదీ చాలక 90 మిల్లీమీటర్లది వేశాడు. గొట్టం పట్టేవైపు 28.6, బారు పట్టేవైపు 31.8 ఉండాలని కొలిచి మరీ తీశాడు. బారు 25.4ది అయితే ఇది పట్టదట.

"ఎలాగూ మారుస్తున్నాం కదా, 70ది వెయ్యకూడదా?" అన్నాను.

"చెయ్యి కాస్త కదిపినా చక్రం తిరిగిపోద్దండి. వంతెన మీద అడ్డగాలికి బెదురుద్దండి."

బిగించేటప్పుడు ఇంకోటి తెలిసింది. పైమూత బోల్టే హ్యాండిల్ని పట్టి ఉంచుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది బేరింగుల్లో లూజు తీయడానికేనట. అసలు పట్టు పక్కనున్న రెండు బోల్టులది. వాటిని ఆఖర్న, స్టెమ్ మీద రాసి ఉన్న 5 న్యూటన్ మీటర్లు దాటకుండా తిప్పాడు. నాన్న బతికుంటే ఆ అలెన్ కీ లాక్కుని ఇంకో చుట్టు వేసేవాడు.

పోయిన ఆదివారం విజ్జేశ్వరంలో టీ గ్లాసు అందుకోగానే చిటికెన వేలు చురుక్కుమంది. గ్లాసు చేయి మార్చుకుని, ఊదుకుంటూ తాగాను.