మార్పును శివారు నుంచి చూడాలి

గోదావరి మధ్య డెల్టాకు అల్లవరం మండలం చివరి అంచు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువల్లోకి వదిలిన నీరు కోనసీమ ఊళ్లన్నీ తడిపాక ఆఖరున ఇక్కడికి చేరుతుంది. వాన పడితే మాత్రం పై ఊళ్ల మురుగంతా ఇటుగానే సముద్రంలోకి దిగాలి. నారు పోసుకునే వేళకు నీరు రాదు, ఈనిక వేళకు చేను మునుగుతుంది. సంస్థల్లో మార్పు ఎలా తేవాలనే చర్చ వచ్చినప్పుడల్లా నా మనసు ఈ శివారు భూముల వైపే పోతుంది. మన కళ్లముందు ఒక పెద్ద మార్పు కోసం ఊళ్లకు ఊళ్లను ఒక్క మాట మీద నిలబెట్టింది ఇక్కడి రైతులే.

2011 సార్వాలో, అంటే వానకాలం పంటకు, ఈ మండలంలోని అచ్చన్నపాలెం నుంచి మొదలైన పంట విరామం కోనసీమ అంతటా పాకింది. రైతులు కావాలనే ఆగిపోవడంతో వేల ఎకరాల్లో నాట్లు పడలేదు. అంతకుముందు ఏడాది నవంబరులో జల్ తుపాను, డిసెంబరులో అకాల వర్షాలు చేతికొచ్చిన ధాన్యాన్ని పాడుచేశాయి. 2011-12కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 1080 రూపాయలు. కూలి, ఎరువు, కౌలు కలిపితే ఆ ధర గిట్టదని రైతులు లెక్క చెప్పారు. స్వామినాథన్ కమిషన్ సిఫారసు చేసినట్టు ఖర్చు మీద సగం కలిపి ధర ఇమ్మన్నారు. మురుగు కాలువలు బాగుచేయమన్నారు, నీరు తొందరగా వదలమన్నారు.

నీటి తేదీ మీద ఇంత పట్టు ఎందుకో తెలియాలంటే పంట కాలం లెక్క చూడాలి. డెల్టాలో ఏళ్ల తరబడి ఏలిన స్వర్ణ వరి రకం దాదాపు 150 రోజుల పంట. జూన్ మొదట్లో నీరొచ్చి నారు పడితే నవంబరు మొదటికల్లా కోతకొస్తుంది. శివారుకు నీరు జూలైలో చేరితే కోత డిసెంబరుకు జరుగుతుంది, మధ్యలో తుపానుల నెల దాటాలి. సార్వా వెనకబడితే రెండో పంట దాళ్వా వెనకబడుతుంది. దాళ్వా కోసం కాలువలు వేసవి నడిమి దాకా పారించాల్సి వస్తుంది. ఇక కాలువలు కట్టేసి పూడిక తీసే వ్యవధి మిగలదు. పనులు పూర్తికాక వచ్చే ఏడు నీరు మళ్లీ ఆలస్యం. ఏటా తిరిగే ఈ చక్రాన్ని ఆపడానికి ఒక పంట కాలాన్ని వదులుకోవడం తెగింపే. అందులో వివేకమూ ఉందని నేను నమ్ముతాను.

ఒక్క రైతు నాట్లు మానితే అది బీడు. ఊరంతా మానితే పాలకులు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న. పక్కచేను బీడుగా ఉంటే నడుమ ఒక్కడే పండించడమూ కష్టమే, ఎలుకలూ పిట్టలూ అన్నీ ఆ ఒక్క చేనిమీదే వాలతాయి. కలిసి ఆగితేనే ఆగినట్టు. ఆ ఐక్యత వల్లే విరామానికి కారణాలు తేల్చడానికి రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. సంస్థల్లో మార్పు గురించి రాసిన అమెరికన్ ఆచార్యుడు జాన్ కాటర్ 1995 నాటి వ్యాసంలో మొదటి మెట్టుగా చెప్పింది ఆత్రుతను కలిగించడం. పెద్దలు కింది వాళ్లలో ఆత్రుత పుట్టించాలని ఆయన లెక్క. అల్లవరంలో ఆత్రుత ముందే కింద ఉంది. అది పైకి చేరడానికి ఒక పంటను పణంగా పెట్టాల్సి వచ్చింది.

పదకొండేళ్ల తర్వాత, 2022లో, గోదావరి డెల్టాకు ప్రభుత్వం జూన్ 1నే నీరు వదిలింది. అది మంచి నిర్ణయం. అయినా కోనసీమలో మళ్లీ పంట విరామం మాట వినిపించింది. మురుగు కాలువలు పూడికతోనే ఉన్నాయని, అమ్మిన ధాన్యం డబ్బు సమయానికి రాలేదని రైతులు చెప్పారు. కాలువ తలుపులు ఎత్తిన తేదీ మారింది, శివారు కష్టం మారలేదు.

ఇదే తీరు నేను కార్యాలయాల్లోనూ చూశాను. నా ఉద్యోగ జీవితమంతా కొత్త పద్ధతులు వచ్చినప్పుడు సిబ్బందికి శిక్షణ ఇవ్వడంతోనే గడిచింది. చేతి పద్దులు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో ముఖ్య కార్యాలయంలో మార్పు పూర్తయిందని నివేదికలు సిద్ధమయ్యేవి. కరెంటు నిలవని పల్లె శాఖలో ఉన్న గుమాస్తా మాత్రం పగలు కాగితం మీద, రాత్రి యంత్రంలో, ఒకే పని రెండుసార్లు చేసేవాడు. మార్పు ఖర్చు అతని నిద్రలోంచి పోయేది. అప్పటి నుంచి ఏ కొత్త పద్ధతి వచ్చినా చిట్టచివరి శాఖకు వెళ్లి, అక్కడ పని ఎలా సాగుతుందో చూశాకే శిక్షణ పాఠం రాసుకునేవాణ్ణి.

మార్పు ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న పంట విరామానికీ వేయాల్సిందే. భూమి ఉన్న రైతుకు ఒక పంట పోతే నష్టం. కౌలు రైతుకు ఏడాది బతుకు పోతుంది, నాట్ల కూలికి ఇంట్లో పొయ్యి ఆరుతుంది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011లోనే వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, దాని కింద కార్డు పొందడానికి భూ యజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకం దొరకని వాళ్లు ఈ లెక్కలన్నిటికీ బయటే ఉండిపోయారు. ఎంత న్యాయమైన పోరాటమైనా తన శివారులో ఎవరున్నారో చూసుకోవాలి.

ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండా వచ్చే మార్పూ ఉంది. వరి గిట్టక కోనసీమ తీరంలో చేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులవుతున్నాయి. ఆ రైతును తప్పుపట్టలేం, అతనికి దారి చూపిన వాళ్లు లేరు. కానీ చెరువులోని ఉప్పు గట్టు దగ్గర ఆగదు, పక్క వరిచేనుకూ కొబ్బరి చెట్టుకూ తగులుతుంది. విరామం ఊరిని కలిపింది, ఈ మార్పు గట్టుకు ఇటువాళ్లనూ అటువాళ్లనూ విడదీస్తోంది.

అందుకే నా కోరిక సూటిగా చెబుతాను. కాలువ కట్టే తేదీ, వదిలే తేదీ, పూడిక పని, చెరువుల హద్దు, వీటిని నిర్ణయించే సమావేశం ఏటా శివారు ఊళ్లోనే జరగాలి. కౌలు రైతులూ, కూలీలూ అందులో ముందు మాట్లాడాలి. 1997లో నీటి సంఘాల చట్టం రైతు చేతికి కాలువ బాధ్యత ఇవ్వాలనుకుంది. ఆ ఆశయం నెరవేరాలంటే ఇదే దారి. ఆఫీసుల్లో, కంపెనీల్లో కొత్త పద్ధతులు తెచ్చేవాళ్లకూ నా విన్నపం ఇదే. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు మీ ఆఖరి ఉద్యోగి దగ్గర ఒక పూట కూర్చోండి. ఆ మనిషి మోయగలిగిన మార్పే నిలబడుతుంది.