రైలుబడిలో రెండు గిన్నెలు

"పుస్తకం బాగానే ఉంది గానీ టీచర్‌గారూ, ఆవిడ పొద్దున్న ఎన్నింటికి లేచిందో ఎక్కడా రాయలేదేం?" అంది మా లెక్కలావిడ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

ఆవిడెవరో చెప్పేముందు మేమెక్కడున్నామో చెప్పాలి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు బండిలో ఉన్నాం. ఆడవాళ్ళం అయిదుగురం, అందరమూ పంతులమ్మలమే. ఒకావిడ వేమూరులో దిగిపోతుంది, ఇంకొకావిడ భట్టిప్రోలులో. మిగతా ముగ్గురం దిగే స్టేషను పేరు చెప్పను. చెబితే బడి పేరు చెప్పినట్టే! ఇదంతా పదిహేనేళ్ళ పైమాట. నేను రిటైరయి మూడేళ్ళవుతోంది.

ఆ పెట్టె మాకు స్టాఫ్‌రూమూ, వంటిల్లూ కూడా. సాయంత్రం కూరకి కాయలు పొద్దున బండిలోనే బాగుచేసుకునేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు స్లిప్ టెస్టు పేపర్లు. ఎవరి కేరేజీలో కూర లేకపోతే వాళ్ళకి ఇంకొకరి కేరేజీ. సైన్సావిడ చంటిపిల్ల ఒక్కోసారి మాతోపాటే వచ్చేది, వాళ్ళత్తగారికి ఒంట్లో బాగుండనప్పుడు. వేమూరు దాకా ఒకరి ఒళ్ళో, వేమూరు దాటాక ఇంకొకరి ఒళ్ళో. మా హిందీ టీచర్‌గారి డైరీ చివరి పేజీలో ఒక బాకీల లెక్క ఉండేది. డబ్బు బాకీలు కావు, లీజరు పీరియడ్ల బాకీలు. పిల్లాడికి జ్వరమొచ్చి నేను గంట ముందు వెళ్ళిపోతే నా క్లాసు ఆవిడ తీసుకునేది. అది నా పేరున పడేది. లెక్కలావిడ అయిదు బాకీ, నేను మూడు, సైన్సావిడ మరీ పదకొండు. ఎవరు ఎవరికి తీర్చారో దేవుడికెరుక. హిందీ టీచర్‌గారు బదిలీ అయి వెళ్ళేనాటికి కూడా నా పేరున రెండు మిగిలే ఉన్నాయి.

ఇక పుస్తకం సంగతి. ఆ వారం నేను వాళ్ళకి చదివి వినిపిస్తున్నది "రైలుబడి". జపాను నటి టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడిని తలుచుకుంటూ రాసిన "తొత్తోచాన్"కి తెలుగు. అసలు పుస్తకం 1981లో వచ్చింది. మీలో చాలామంది చదివే ఉంటారు, లేదా మీ పిల్లల చేత చదివించి ఉంటారు. అల్లరి పడలేక ఒక బడివాళ్ళు ఒకటో తరగతిలోనే వెళ్ళగొట్టిన పిల్లని తల్లి ఇంకో బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలు పెట్టెలు! హెడ్మాస్టరు కొబయాషిగారు ఆ పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని నాలుగు గంటలసేపు ఆమె కబుర్లు విన్నాడు. టోక్యోలో 1937లో ఆయన మొదలుపెట్టిన ఆ బడి 1945లో బాంబు దాడుల్లో కాలిపోయింది.

నాలుగు గంటలు! మాకు పీరియడు నలభై అయిదు నిమిషాలు. అందులో హాజరుకే పది పోతుంది. ఆ నాలుగు గంటల మాట చదివినప్పుడు భట్టిప్రోలావిడ నిట్టూర్చింది. "నేను మా వాడి మాట నాలుగు నిమిషాలు విని ఎన్నాళ్ళయిందో" అంది. బడిలో వాడి గురించి అనలేదు, ఇంట్లో వాడి గురించే.

మధ్యాహ్నం భోజనాల ఘట్టం దగ్గరే లెక్కలావిడ ఆ ప్రశ్న వేసింది. ఆ బడిలో ప్రతి పిల్లా తన డబ్బాలో కొంచెం సముద్రంలోంచి వచ్చినదీ, కొంచెం నేలమీద, కొండలమీద పండినదీ తెచ్చుకోవాలి. హెడ్మాస్టరు గది చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క డబ్బాలోకి తొంగిచూస్తాడు. ఏది తక్కువైందో చెబుతాడు. ఆయన వెనకే ఆయన భార్య, తెల్లటి ఏప్రన్ కట్టుకుని, రెండు చేతుల్లో రెండు గిన్నెలతో వస్తుంది. సముద్రం తక్కువైన డబ్బాలో ఒక గిన్నెలోంచి చేపతో చేసిన ముక్క. కొండ తక్కువైన డబ్బాలో రెండో గిన్నెలోంచి దుంప ముక్క. ఏ తల్లికి ఏ పూట ఏది కుదరలేదో అడగరు, పిల్లని చిన్నబుచ్చరు. గిన్నె వంచుతారు, అంతే.

ఈ దృశ్యాన్ని మెచ్చుకోని వాళ్ళుండరు. నేనూ ఉపాధ్యాయ దినోత్సవాల్లో రెండుసార్లు దీనిమీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నదాన్నే. రెండుసార్లూ కొబయాషిగారి గురించే మాట్లాడాను. గిన్నెలు పట్టుకున్న మనిషి నా కంటికి ఆనలేదు. లెక్కలావిడకి ఆనింది. యాభైమంది పిల్లలున్న బడికి ఇంచుమించు రోజూ రెండు గిన్నెలు! దుంపలు ఎప్పుడు తొక్క తీసింది? ముందురోజు రాత్రా? ఆయన సాయం పట్టాడా? ఇంట్లో పిల్లలు పడుకున్నాకా, లేవకముందా?

పుస్తకంలో ఇది తప్పని నేననను. అది ఏడేళ్ళ పిల్ల చూసిన బడి. ఏడేళ్ళ పిల్లకి గిన్నె కనబడుతుంది, గిన్నెలోది కనబడుతుంది, గిన్నె వెనక నాలుగింటి చీకటి కనబడదు. కురొయనాగి ఆ పిల్ల కళ్ళని చివరిదాకా వదలలేదు, పుస్తకం అందమంతా అందులోనే ఉంది. తప్పు మనది. పెద్దవాళ్ళమై ఉండి మనమూ ఏడేళ్ళ పిల్లలాగే చదువుతున్నాం. కొబయాషిలాంటి మేష్టార్లు రావాలని సభల్లో అంటాం. ఆయన వెనక నడిచే మనిషి మన మేష్టార్ల వెనక ఉందా, మన టీచరమ్మల వెనక ఎవరున్నారు అని ఒక్కరూ అనరు.

మన సినిమాల్లోనూ ఇదే వరస. "బడిపంతులు" 1972లో వచ్చినప్పుడు మా అమ్మావాళ్ళు కొంగులు తడిసిపోయేలా ఏడ్చారట. ఏడవాల్సిన కథే, కాదనను. వయసు మళ్ళిన మేష్టార్నీ భార్యనీ కొడుకులు చెరొకరు పంచుకుంటారు. అయితే ఆ పంతులుగారు అన్నేళ్ళు ఊరి పిల్లలకి అంత శ్రద్ధగా చదువు చెప్పగలిగాడంటే ఇంట్లో అంజలీదేవి ఉంది గనక. పొయ్యిమీద అన్నం దానంతటదే ఉడకదు కదా! "మిస్సమ్మ" చూడండి. 1955 నాటిది, ఇవాళ టీవీలో వచ్చినా పనులు మానుకుని కూచుంటాం. జమీందారు తన బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలంటాడు. పెళ్ళికాని ఇద్దరు మొగుడూ పెళ్ళాలమని బొంకి ఉద్యోగంలో చేరతారు. చక్రపాణిగారి హాస్యానికి వంకపెట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఒక్కటి గమనించారా? ఆ సినిమాలో టీచర్ల జంటకి పిల్లల్లేరు. తోడుగా రేలంగి దేవయ్య ఉండనే ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే బడి. నిజం మొగుడూ పెళ్ళాలకి అలాంటి జమీందారు ఎక్కడ దొరుకుతాడండీ? మా వారూ మేష్టారే. బదిలీల్లో భార్యాభర్తలకి పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లు పెట్టుకుని తెచ్చుకున్నది ఒకే జిల్లా, అంతే. ఆయన బడి పడమర, నాది తూర్పు. పొద్దున్న కుక్కరు మూడో విజిలు ఆయన వంతు, పిల్ల జడ ఆయన వంతు. ఆయన వేసిన జడలు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ ఉండేవి, మా బళ్ళలాగే. ఆ జడలతోనే అది నాతో బండెక్కేది. లెక్కలావిడ దాన్ని ముందు కూచోబెట్టుకుని విప్పి మళ్ళీ వేసేది.

ప్రసూతి సెలవు 2010లో 180 రోజులు చేశారు. పిల్లల సంరక్షణ సెలవంటూ 2016లో ఒకటి రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. మంచిదే. మా పిల్లలు అప్పటికే పెద్దవాళ్ళయ్యారు.

ఈ పుస్తకంలో నన్ను కుదురుగా ఉండనివ్వని అధ్యాయం ఇంకొకటుంది. రిబ్బను అధ్యాయం. తొత్తోచాన్ ఒక పాత బట్టలోంచి తీసిన రిబ్బను తలకి కట్టుకుని బడికొస్తుంది. చాలా ముచ్చటగా ఉంటుంది. హెడ్మాస్టరు కూతురు మియోచాన్ కూడా ఆ బడిలోనే చదువుతోంది. తనకీ అలాంటిదే కావాలని తండ్రి ప్రాణం తీస్తుంది. ఆయన దుకాణాలన్నీ తిరుగుతాడు, దొరకదు. చివరికి తొత్తోచాన్ దగ్గర మోకాలి మీద వంగి, బడికి ఆ రిబ్బను కట్టుకురావడం మానేస్తావా అమ్మా అని బతిమాలుతాడు. పిల్ల ఆలోచించి సరేనంటుంది. ఇంటికెళ్ళి రిబ్బను ఎలుగుబంటి బొమ్మకి కట్టేస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు ముచ్చటపడ్డాను. రెండోసారి కోపమొచ్చింది. బండిలో గట్టిగానే వాదించాను. తన కూతురి మంకుపట్టుకోసం పరాయి పిల్ల రిబ్బను విప్పించడం న్యాయమా? అదే మన హెడ్మిస్ట్రెస్ చేస్తే ఊరుకుంటామా? కొబయాషి గొప్పతనమంతా ఈ ఒక్క అధ్యాయంలో తరిగిపోయింది అన్నాను. హిందీ టీచర్‌గారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అంది: "ఆయన తన పిల్లకోసం పరాయి పిల్లని అడిగాడు. మీరు పరాయి పిల్లలకోసం మీ పిల్లని ఏం చేశారో మర్చిపోయారా టీచర్‌గారూ?"

మర్చిపోలేదు. మా అమ్మాయి ఆరో తరగతిలో నా బడిలోనే చదివింది. ఆ ఏడాది పద్యాల పోటీ పెట్టాం. గజేంద్రమోక్షం పద్యాలు. న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. పిల్ల బాగా చదివింది. తల్లిని కాబట్టి అనడం లేదు, తెలుగు టీచర్ని కాబట్టి అంటున్నాను. పదం ఎక్కడ విరగాలో అక్కడ విరిచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మొదటి బహుమతి దానిదే. కానీ టీచరు కూతురికి మొదటి బహుమతి వస్తే రేపు ఊళ్ళో ఏమంటారు? నా కాగితంలో మార్కులు తగ్గించి వేశాను. రెండోది వచ్చింది. బండిలో ఇంటికొస్తూ అది అడిగింది, "నాకెక్కడ తప్పుపోయిందమ్మా?" అని. "గొంతు చాల్లేదే" అన్నాను. అది తల ఊపింది. ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడూ పద్యం చదవలేదు. స్నానాల గదిలో కూడా.

దానికి నిజం చెప్పెయ్యండని హిందీ టీచర్‌గారు నన్ను ఎన్నిసార్లు పోరిందో. రేపు చెబుతాననుకునేదాన్ని. మర్నాడు బియ్యం కడగాలి, బండి తప్పిపోకూడదు, పదో తరగతి స్పెషల్ క్లాసులు. రేపు అలాగే ఉండిపోయింది.

మూడోసారి చదివితే ఆ అధ్యాయం నాకు వేరేగా కనబడింది. రచయిత్రి అక్కడ కొబయాషిని గొప్పవాణ్ణి చెయ్యడానికి ప్రయత్నించలేదు. దిక్కుతోచని తండ్రిగానే చూపించింది. యాభైమంది పిల్లల మనసు తెలిసిన మనిషికి సొంత కూతురి ఏడుపుకి విరుగుడు తెలియలేదు. అది న్యాయమా అంటే కాదనే ఇవాళా అంటాను. కానీ పుస్తకం మొత్తంలో ఆయన బడినీ ఇంటినీ ఒక్కడే మోస్తూ కాలు తడబడ్డ చోటు అదొక్కటే. మనకి బాగా తెలిసిన చోటు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఈ అధ్యాయం ఎవరూ ప్రస్తావించరు, చూడండి. నాకయితే నాలుగు గంటల కబుర్లకన్నా ఈ రిబ్బనే నిజమైన టీచర్ని చూపించింది. పుస్తకం చివర, ఎవరెవరు ఏమయ్యారో చెబుతూ, మియోచాన్ కూడా సంగీతం టీచరయిందని రాసింది. ఆ రిబ్బను సంగతి ఆవిడకి గుర్తుందో లేదో.

పోయిన వేసవిలో మా అమ్మాయి పిల్లని తీసుకుని వచ్చింది. నా బీరువాలో "రైలుబడి" తీసి రాత్రిపూట దానికి చదివి వినిపిస్తోంది. చెప్పొద్దూ, చక్కగా చదువుతోంది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. నేను వంటింట్లో వింటున్నాను. రిబ్బను అధ్యాయం అయ్యాక పిల్ల పడుకుంది. అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"హిందీ టీచర్‌గారు నాకా ఏడే చెప్పేశారమ్మా" అంది.

నేను చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఏం అనాలో తెలియక, ఆ మేష్టారు చేసిందీ తప్పేకదే అన్నాను.

"తప్పే. కానీ ఆయన అడిగాడు కదా."

పాలు పొంగుతున్నాయి. స్టవ్ అదే ఆపింది.